ఒక పరిశోధన పత్రం బరువెంత?

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల దారి పట్టినా, చింతూరు మీదుగా కుంట వైపు సాగినా ఒకే మనిషి నోట రెండు మూడు భాషలు వినిపిస్తాయి. ఇంట్లో కోయ, సంతలో తెలుగు, ఛత్తీస్‌గఢ్ వైపు చుట్టాలొస్తే కాస్త హిందీయో హల్బీయో. మల్కన్‌గిరి వైపు పోతే ఒడియా కూడా కలుస్తుంది. ఖమ్మం, కొత్తగూడెం తండాల్లో ఇంటి మాట లంబాడీ. బడిలో, బ్యాంకులో మాట్లాడేది తెలుగు. బడి గడప తొక్కని ముసలమ్మ కూడా ఉప్పు బేరం ఒక భాషలో చేసి, పక్కనున్న మనవరాలిని మరో భాషలో మందలిస్తుంది. ఇదొక విద్య అని ఇక్కడ ఎవరూ అనుకోరు. బతకాలంటే రావాల్సిన మాటలు, అంతే.

2013 నవంబరులో ఈ మామూలు విషయాన్ని ప్రపంచ న్యూరాలజిస్టులు చర్చించేలా చేసిన పత్రం ఒకటి వెలువడింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ ప్రచురించే 'న్యూరాలజీ' జర్నల్‌లో అచ్చయిన ఆ పని హైదరాబాద్ నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, అంటే నిమ్స్‌లో జరిగింది. ప్రధాన రచయిత డాక్టర్ సువర్ణ అల్లాడి. రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) లక్షణాలు, ఒకే భాష మాట్లాడేవారిలో కంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు ఆ పత్రం చెప్పింది. ఆ తర్వాత ప్రపంచవ్యాప్తంగా వందల పరిశోధన పత్రాలు దాన్ని ఉదహరించాయి. మన గడ్డ మీద, మన భాషల మీద జరిగిన న్యూరోసైన్స్ పరిశోధనల్లో ఇంతగా చర్చకు వచ్చినవి తక్కువ.

ఒక శాస్త్రవేత్త పని ఎంత విలువైనదో ఎలా తెలుస్తుంది? ఎన్ని పత్రాలు రాశారు, వాటిని ఎందరు ఉదహరించారు అని లెక్కపెడితే సరిపోతుందా? ఈ అధ్యాయంలో ఆ ప్రశ్నను హైదరాబాద్ పత్రం చేత పట్టుకుని పరిశీలిద్దాం. లెక్క మనల్ని ఎంతవరకు తీసుకెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో దానితోనే బాగా తెలుస్తుంది.

నిమ్స్‌లో 648 మంది

ముందు పత్రంలో ఏముందో చూద్దాం. నిమ్స్ న్యూరాలజీ విభాగంలోని మెమరీ క్లినిక్‌లో డిమెన్షియా ఉన్నట్టు నిర్ధారణైన 648 మంది వివరాలు పరిశోధకులు పరిశీలించారు. వారిలో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చు. మొదటి లక్షణాలు ఏ వయసులో కనిపించాయన్నది ప్రధానమైన ప్రశ్న. ఒకే భాష మాట్లాడేవారిలో ఆ వయసు సగటున 61.1 ఏళ్లు. రెండు భాషలవారిలో 65.6 ఏళ్లు. అల్జీమర్స్‌లోనే కాదు, మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే డిమెన్షియాలోనూ, ప్రవర్తననూ భాషనూ ముందుగా దెబ్బతీసే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలోనూ ఈ తేడా కనిపించింది.

అక్షరం ముక్క రాని వారిని విడిగా చూసినప్పుడు తేడా దాదాపు ఆరేళ్లకు పెరిగింది. రెండు భాషలు వచ్చినవారు ఎక్కువ చదువుకుని ఉంటారు కాబట్టి అది చదువు చేసిన మేలేనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. బడికే వెళ్లని వారిలోనూ తేడా కనిపించడం ఆ అనుమానానికి గట్టి జవాబు. ఆడ, మగ, వృత్తి, పల్లె, పట్నం తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఫలితం మారలేదు. అయితే మూడో భాష, నాలుగో భాష వచ్చినందువల్ల అదనపు మేలేమీ కనపడలేదు.

అంతకుముందు ఇలాంటి ఫలితాన్ని చెప్పింది కెనడా. టొరంటోలో ఎలెన్ బియలిస్టాక్ బృందం 2007లో 184 మంది రోగుల వివరాలతో సుమారు నాలుగేళ్ల తేడాను చూపింది. కానీ అక్కడ రెండు భాషలవారిలో చాలామంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవారు. వలస వెళ్లేవారు మొదటినుంచీ ఆరోగ్యవంతులై ఉండొచ్చు, వారి తిండి, జీవితం వేరై ఉండొచ్చు. ఆలస్యానికి కారణం భాషా, వలసా? కెనడాలో ఈ రెంటినీ విడదీయడం కష్టం. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ ఇక్కడ పుట్టి పెరిగినవారి నోళ్లలోనే కలిసి ఉంటాయి. అందుకే పత్రం శీర్షికలోనే చదువుతో, వలసతో సంబంధం లేకుండా అన్న మాట పెట్టారు. ఈ పనికి ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, భాషాశాస్త్రం నుంచి దుగ్గిరాల వసంత, కాగ్నిటివ్ సైన్స్ నుంచి సూరంపూడి బాపిరాజు, నిమ్స్ న్యూరాలజీ నుంచి సుభాష్ కౌల్ వంటివారు తోడయ్యారు. డాక్టరు, భాషా నిపుణుడు, గణితం తెలిసినవాడు కలిసి కూర్చుంటే తప్ప తేలని ప్రశ్న అది.

మెదడులో ఏం జరుగుతోంది?

రెండు భాషలు వచ్చిన మనిషి ఒక భాషలో మాట్లాడుతున్నప్పుడు రెండోది నిద్రపోదు. రెండూ మెదడులో మేల్కొనే ఉంటాయి. ఎదుటి మనిషిని బట్టి ఒకదాన్ని ముందుకు తేవాలి, రెండోదాన్ని అణచాలి, అవసరమైతే మాట మధ్యలో మార్చాలి. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, దాని లోపలి వైపున్న యాంటీరియర్ సింగ్యులేట్, మెదడు లోతుల్లోని కాడేట్ అనే భాగం ఈ పనిలో పాలుపంచుకుంటాయి. ధ్యాస నిలపడానికీ, ఒక పని నుంచి మరో పనికి మారడానికీ ఉపయోగపడే వ్యవస్థ కూడా చాలావరకు ఇదే. జీవితమంతా రోజూ ఈ సాధన జరగడం వల్ల మెదడుకు కొంత అదనపు శక్తి సమకూరుతుందన్నది పరిశోధకుల వాదన. దీన్నే కాగ్నిటివ్ రిజర్వ్ అంటారు.

ఈ నిల్వ జబ్బును ఆపదు. గాదెలో దాచిన గింజలు కరువు రాకుండా అడ్డుకోలేవు, వచ్చిన కరువును గట్టెక్కడానికి పనికొస్తాయి. 2012లో టొరంటోలో చేసిన స్కాన్ల పరిశీలన ఈ మాటకు బలమిచ్చింది. తెలివితేటల పరీక్షల్లో ఒకే స్థాయిలో ఉన్న అల్జీమర్స్ రోగులను పోల్చితే, రెండు భాషలవారి మెదడులోనే క్షీణత ఎక్కువగా కనిపించింది. అంత దెబ్బ తిన్నా వాళ్లు అప్పటిదాకా నెట్టుకొచ్చారన్నమాట.

లెక్క ఎలా పుట్టింది?

ఇప్పుడు సైటేషన్ల దగ్గరికి వద్దాం. ఒక పరిశోధన పత్రం రాసేవారు తమ పనికి ఆధారమైన పాత పత్రాలను చివర జాబితాగా ఇస్తారు. ఆ జాబితాలో ఒక పత్రం పేరు చేరితే దానికి ఒక సైటేషన్ వచ్చినట్టు. ఫలానా పత్రాన్ని ఆ తర్వాత ఎవరెవరు ఉదహరించారో వెతికిపట్టే సూచిక ఉంటే శాస్త్రవేత్తలకు మేలవుతుందని యూజీన్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించాడు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది. ఒక ఆలోచన ఎక్కడ పుట్టి ఎటు ప్రయాణించిందో వెతుక్కునే సాధనంగా మొదలైన ఆ సూచిక క్రమంగా మనుషులకు మార్కులు వేసే పద్ధతిగా మారింది.

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాడు. లెక్క సులువు. ఒకరి పత్రాలను ఎక్కువ సైటేషన్లు వచ్చినదాని నుంచి తక్కువ వచ్చినదాని వరకు వరసగా పేర్చాలి. ఒకరికి ఆరు పత్రాలున్నాయి, వాటికి 50, 30, 12, 6, 5, 2 సైటేషన్లు వచ్చాయి అనుకుందాం. కనీసం ఐదేసి సైటేషన్లున్న పత్రాలు ఐదున్నాయి కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. మరొకరికి వచ్చినవి 900, 4, 3, 2, 1, 0. వారి హెచ్-ఇండెక్స్ 3 మాత్రమే. మొత్తం సైటేషన్లు చూస్తే మొదటివారికి 105, రెండోవారికి 910. ఎవరు గొప్ప? నిలకడగా పనిచేసిన మొదటివారా, ఒక్క పత్రంతో తమ రంగాన్ని కదిలించిన రెండోవారా? ఈ ప్రశ్నకు ఏ సూత్రమూ జవాబివ్వదు. ఇండెక్స్‌కు తీవ్రమైన దుష్ఫలితాలూ ఉండొచ్చని 2020లో హిర్షే స్వయంగా రాశాడు.

తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఏటా ఒక వార్త కనిపిస్తుంది: ఫలానా విశ్వవిద్యాలయ ఆచార్యులకు ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో చోటు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ అయోనిడిస్ బృందం 2019 నుంచి ప్రకటిస్తున్న జాబితా దానికి మూలం. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, రచయితల వరసలో స్థానం వంటివి కలిపి ఒక మిశ్రమ కొలమానంతో ఆ జాబితా తయారవుతుంది. అందులో చేరడం సంతోషించదగ్గదే. అయితే ఆ వార్తల్లో ఆ ఆచార్యులు ఏం కనుగొన్నారన్న వాక్యం చాలాసార్లు ఉండదు. పాఠకుడికి కావలసింది ఆ వాక్యమే.

ఎక్కువ లెక్క, ఎక్కువ గొప్పా?

2014లో 'నేచర్' పత్రిక అప్పటివరకు ఎక్కువ సైటేషన్లు పొందిన వంద పత్రాలను ప్రకటించింది. మొదటి స్థానం ఆలివర్ లౌరీ 1951లో ప్రోటీన్ పరిమాణాన్ని కొలిచే పద్ధతి గురించి రాసిన పత్రానిది. దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు. డీఎన్ఏ నిర్మాణాన్ని చెప్పిన వాట్సన్, క్రిక్‌ల 1953 పత్రం ఆ వందలో లేనే లేదు. జీవశాస్త్రాన్నే మార్చేసిన పత్రం వెనక ఉండిపోయి, ప్రయోగశాలలో రోజూ వాడే పద్ధతి ముందుకొచ్చింది. దీన్నిబట్టి సైటేషన్ కొలిచేది వాడకాన్ని అని తెలుస్తోంది. ప్రభావం అందరి ఆలోచనలో కలిసిపోయాక దాని మూలాన్ని పేరు పెట్టి ఉదహరించడం మానేస్తారు.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో ఆయన ప్రచురించిన పత్రం, రంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వివరిస్తుంది. అర్ధ శతాబ్దం తర్వాత కూడా వేలాది మంది పరిశోధకులు ఫిస్క్-సుబ్బారో పద్ధతి వాడామని రాస్తూ దాన్ని ఉదహరిస్తూ వచ్చారు. గార్ఫీల్డ్ రూపొందించిన అత్యధిక సైటేషన్ల జాబితాల్లో ఆ పేరు ఉంది. అంత పని చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. 1948లో మరణించేనాటికి ఆయన పేరు సాటి శాస్త్రవేత్తలకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. సైటేషన్ సూచిక పుట్టకముందే పోయిన మనిషికి ఆ లెక్క వల్ల ఒరిగిందేమీ లేదు.

లెక్కనే పరమార్థం చేసుకుంటే ఏమవుతుందో కూడా మన దేశమే చూసింది. 2010 నిబంధనల్లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు పాయింట్ల పద్ధతి తెచ్చింది. పత్రానికిన్ని పాయింట్లు. డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చువేసే జర్నళ్లకు గిరాకీ పెరిగింది. చివరకు 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తొలగించాల్సి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2012లో రూపుదిద్దుకున్న డోరా ప్రకటన, 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో ఈ ధోరణిని ఎదిరించినవే. జర్నల్ పేరునో సైటేషన్ల సంఖ్యనో చూసి పనిని తూచకండి, పనిని చదివి తూచండి అని వాటి సారాంశం.

ఉదహరించినవారంతా ఒప్పుకున్నవారేనా?

హైదరాబాద్ పత్రానికి వచ్చిన సైటేషన్లను తెరిచి చూస్తే మూడు రకాలవారు కనిపిస్తారు. ఆ ఫలితం మీద తమ పనిని నిర్మించినవారు కొందరు. పరిచయ వాక్యంలో ఇలాంటి పని జరిగిందని పేరు చెప్పి వెళ్లిపోయినవారు చాలామంది. దానితో విభేదించినవారు మరికొందరు. లెక్కలో ముగ్గురూ సమానమే. విమర్శకుడి సైటేషన్ కూడా మొత్తాన్ని ఒకటి పెంచుతుంది.

విమర్శ తేలికైనదేమీ కాదు. మెమరీ క్లినిక్‌కు వచ్చిన రోగులను చూసి వెనక్కి లెక్కకట్టే పద్ధతిలో కొన్ని లోపాలుంటాయి. క్లినిక్‌కు ఎవరు వస్తారు, ఎప్పుడు వస్తారు అన్నది కుటుంబ స్థోమత మీద, అవగాహన మీద ఆధారపడుతుంది. మొదటి లక్షణం ఏ వయసులో కనిపించిందో చెప్పేది ఇంట్లోవాళ్ల జ్ఞాపకం. దీనికి విరుగుడు, జబ్బు రాకముందే మనుషులను ఎంచుకుని ఏళ్లతరబడి గమనించడం. న్యూయార్క్‌లోని ఉత్తర మన్‌హాటన్‌లో స్పానిష్ మాట్లాడే 1,067 మంది వలసదారులను అలా గమనించిన లారా జహోడ్నీ బృందం 2014లో తన ఫలితాలు ప్రకటించింది. ఇంగ్లిష్ కూడా బాగా వచ్చినవారు మొదట్లో పరీక్షలు బాగా చేశారు గానీ, డిమెన్షియా రావడంలో తేడా కనపడలేదు. 2017లో లండన్ పరిశోధకులు ఇలాంటి దీర్ఘకాలిక అధ్యయనాలన్నీ కలిపి చూసినా, రెండు భాషల వల్ల డిమెన్షియా ముప్పు తగ్గుతుందని తేలలేదు.

మరో చిక్కు ప్రచురణలోనే ఉంది. రెండు భాషల మేలు గురించి 1999 నుంచి 2012 వరకు సదస్సుల్లో చదివిన 104 సారాంశాలను ఏంజెలా డి బ్రౌన్ బృందం వెతికి తీసింది. వాటిలో ఏవి చివరకు జర్నళ్లలో అచ్చయ్యాయో 2015లో వెల్లడించింది. మేలుందని తేల్చినవి అచ్చయినంతగా, మేలు లేదన్నవి అచ్చుకాలేదు. అచ్చు కాని పత్రానికి సైటేషన్ ఎలా వస్తుంది? సైటేషన్ల లెక్క చూసే చోటికి ఓడిన ఫలితం చేరనే చేరదు.

అలాగని హైదరాబాద్ ఫలితం వీగిపోలేదు. న్యూయార్క్ వలసదారుడి రెండు భాషలూ, హైదరాబాద్ మనిషి రెండు భాషలూ ఒకటి కావు. ఇక్కడ రోజుకెన్నోసార్లు భాష మారుతుంది, చిన్ననాటి నుంచీ మారుతుంది, చుట్టూ ఉన్న అందరూ మారుస్తూనే ఉంటారు. 2024లో బెంగళూరులో 60 ఏళ్లు పైబడ్డ 1,200 మందికి పైగా జనాన్ని, ఆసుపత్రికి వచ్చినవారిని కాక సమాజంలో ఉన్నవారిని పరీక్షించిన అధ్యయనం వెలువడింది. ఒకే భాష మాట్లాడేవారిలోనే డిమెన్షియా ఎక్కువగా కనిపించింది. ప్రశ్న ఇంకా బతికే ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక ప్రశ్నను బతికించగలిగింది కాబట్టే ఆ పత్రం బరువైనది.

వరసలో చదివితే కనిపించేది

ఒక శాస్త్రవేత్త ప్రచురణల పట్టికను సంఖ్యలుగా కాక కథగా చదవాలి. ఒక పత్రం లేవనెత్తిన సందేహానికి తర్వాతి పత్రం జవాబు వెతుకుతోందా అని చూడాలి. సువర్ణ అల్లాడి పనిలో ఆ వరస కనిపిస్తుంది. డిమెన్షియా నెమ్మదిగా వచ్చే జబ్బు, మొదలైన రోజు కచ్చితంగా తెలియదు అన్నది మొదటి పత్రం మీది విమర్శ. పక్షవాతం అలా కాదు, వచ్చిన రోజు, గంట కూడా తెలుస్తాయి. 2016లో 'స్ట్రోక్' జర్నల్‌లో ఆమె బృందం 608 మంది పక్షవాత రోగుల వివరాలు ప్రచురించింది. జబ్బు తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం. అయితే మాట పడిపోవడంలో రెండు వర్గాలకూ తేడా లేదు. మేలు భాషలో కాక, ధ్యాసలో, ఆలోచనలో ఉందన్న వాదనకు ఇది సరిపోతుంది. తేడా కనపడని సగాన్ని కూడా చెప్పిన పత్రం నమ్మకాన్ని పెంచుతుంది.

ఆమె తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఆచార్యులయ్యారు. అక్కడి నుంచి వచ్చిన పనుల్లో ఒకటి సైటేషన్ల పోటీలో మొదటి పత్రం కంటే వెనకే ఉండొచ్చు గానీ, నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో పలు సంస్థలు కలిసి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం భాషల్లో డిమెన్షియాను గుర్తించే పరీక్షల సంపుటిని తయారుచేశాయి. చదువుకున్నవారికీ చదువు రానివారికీ పనికొచ్చేలా దాన్ని రూపొందించారు.

అంత శ్రమ ఎందుకంటే, పరీక్షను మాటకు మాట అనువదిస్తే చాలదు. కేంబ్రిడ్జ్‌లో తయారైన ప్రసిద్ధ పరీక్షలో కంగారూ, పెంగ్విన్, ఓడ లంగరు, హార్ప్ వాయిద్యం బొమ్మలు చూపి పేర్లడుగుతారు. ఇంగ్లిష్ 'పి' అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు. ఇంటి నంబరు, వీధి పేరు ఉన్న చిరునామా చెప్పి కాసేపయ్యాక గుర్తుందా అంటారు. చర్ల మండలంలోని గూడెంలో 70 ఏళ్ల మనిషిని ఇవి అడిగితే మతి ఎంత చక్కగా ఉన్నా తప్పుతాడు. ఆ తప్పు పరీక్షది. 1995లోనే మేరీ గంగూలీ బృందం హరియాణాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువు రాని వృద్ధుల కోసం హిందీలో ఇలాంటి పరీక్షను మలిచి, దారి చూపింది.

కోయలో అడిగేదెవరు?

ఇప్పుడు మళ్లీ సరిహద్దు దగ్గరికి వెళ్దాం. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. పల్లెల్లో, ఆడవారిలో, చదువు తక్కువున్నవారిలో అది ఎక్కువ. ఈ మూడూ ఒకేచోట కలిసే ప్రాంతాల్లో గిరిజనులుండే ఈ ఏజెన్సీ ఒకటి. 2011 జనాభా లెక్కల ప్రకారం కోయ మాతృభాషగా ఉన్నవారు 4 లక్షలకు పైనే. డిమెన్షియా పరీక్షల సంపుటి తయారైన ఆ ఐదు భాషల్లో కోయ లేదు. లంబాడీ లేదు.

రెండు భాషలవారు కదా, తెలుగులో పరీక్షిస్తే పోలేదా అనిపించొచ్చు. అది సరికాదు. సంతలో బేరానికి సరిపోయే తెలుగు, వరస కథ విని తిరిగి చెప్పడానికి సరిపోకపోవచ్చు. డిమెన్షియా ముదిరేకొద్దీ తర్వాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, తల్లి భాష మిగిలే రోగులున్నారు. రెండో భాషలో పరీక్షిస్తే లేని జబ్బు ఉన్నట్టు తేలొచ్చు, ఉన్న జబ్బు భాష రాకపోవడంగా పొరబడొచ్చు. హైదరాబాద్ ఫలితాన్ని ఈ అడవి పల్లెలకు అలాగే అంటగట్టడమూ తప్పే. నిమ్స్ క్లినిక్‌కు వచ్చినవారి జీవితం వేరు. రక్తపోటు, పోషణ, జ్వరాలు, ఆసుపత్రి దూరం, వీటన్నిటిలో ఏజెన్సీ లెక్కలు వేరు. ఇక్కడి వృద్ధుల మెదడుకు రెండు భాషలు ఏం చేస్తున్నాయో తెలియాలంటే ఇక్కడే, వారి భాషలోనే అడగాలి.

ఇది కాని పనేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన మాతృభాషా విద్యా కార్యక్రమం కింద కోయ, లంబాడీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్నపిల్లలకు తెలుగు లిపిలోనే వాచకాలు తయారయ్యాయి. కోయ తెలిసిన ఉపాధ్యాయులు, భాషాశాస్త్రజ్ఞులు కలిసి కూర్చుని చేశారు. పిల్లలకు వాచకం రాయగలిగిన భాషలో తాతకు జ్ఞాపకశక్తి పరీక్ష రాయలేమా? పెంగ్విన్ బదులు ఎలుగుబంటి బొమ్మ పెట్టొచ్చు. తేదీ బదులు ఇప్పపూలు రాలే కాలమా, తునికాకు కోసే కాలమా అని అడగొచ్చు. ఇంటి నంబరు బదులు సంత ఊరి పేరు, వారం గుర్తుంచుకోమనొచ్చు. ప్రతి ప్రశ్ననూ ఆరోగ్యవంతులైన కొన్ని వందల మందిని అడిగి, ఏ వయసులో ఎంత చెప్పగలరో సరిచూసుకోవాలి. ఆ శ్రమే అసలు శాస్త్రం.

ఇందులో ఒక పరిపాలనా చిక్కు ఉంది. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం 2016లో ఖమ్మం నుంచి విడిపడి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. పక్కనే ఛత్తీస్‌గఢ్, ఒడిశా. ఒకే భాష మాట్లాడే చుట్టాలు నాలుగు రాష్ట్రాల రికార్డుల్లో చెదిరి ఉన్నారు. కాబట్టి పరీక్షను ఒక విశ్వవిద్యాలయం ఒంటరిగా చేస్తే చాలదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య కళాశాలలు, గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు), గిరిజన పరిశోధనా సంస్థలు కలిసి చేయాలి. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు దాన్ని నేర్పాలి.

అలాంటి పరీక్ష తయారైతే దాని గురించి రాసిన పత్రానికి ఎన్ని సైటేషన్లు వస్తాయి? బహుశా చాలా తక్కువ. ఒక భాషకు, ఒక అడవి అంచుకు పరిమితమైన పనిని బోస్టన్‌లోనో బెర్లిన్‌లోనో ఉదహరించే అవసరం ఎవరికి పడుతుంది? హెచ్-ఇండెక్స్ కోసం బతికే యువ పరిశోధకుడు దాని జోలికే పోడు. అతణ్ణి తప్పుపట్టి లాభం లేదు, ఆ పని చేసినవారికి పదోన్నతి ఇవ్వని పద్ధతిని మార్చాలి. నియామక సంఘాల్లో కూర్చునే పెద్దలు అభ్యర్థి సంఖ్యలు చూడటం మాని, ఆయన రాసిన మూడు మంచి పత్రాలు తెప్పించుకుని చదవాలి. ఆ పని వల్ల ఏ రోగికి, ఏ ఆసుపత్రిలో, ఏం మారిందని అడగాలి.

విజ్ఞానం చదివే ప్రతి తెలుగు పాఠకుణ్ణీ ఒకటి కోరుతున్నాను. ఇకపై ఏ శాస్త్రవేత్త గురించైనా ఇన్ని పత్రాలు, ఇన్ని సైటేషన్లు అని చదివినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఏం కనుగొన్నారు? ఎవరిని చూసి కనుగొన్నారు? ఎవరు కాదన్నారు, ఎందుకన్నారు? ఆ పని ఇంకా ఎవరికి చేరలేదు? మొదటి మూడు ప్రశ్నల్లో హైదరాబాద్ పత్రం గౌరవంగా నిలబడింది. నాలుగోదానికి జవాబు చెప్పాల్సింది మన రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలూ ప్రభుత్వాలూ. కోయలోనూ లంబాడీలోనూ డిమెన్షియా పరీక్షలు తయారుచేయడం వాళ్ల బాధ్యత, అడగడం మన బాధ్యత.